చెల్లెలి ఇంటి చువ్వలు

మా అమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టి, మూత పెట్టి, ఆ మూత మీద ఒక ఇనప పలక పెట్టేది. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, ఎత్తితే మణికట్టు కిందికి లాగేంత బరువు. దానికి చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా గుండ్రటి కన్నాలుండేవి. అదేమిటని ఎవరైనా అడిగితే 'బరువుకి పెట్టాను' అనేది అమ్మ. బరువుకే అయితే ఒక రాయి చాలు. అది మా నాన్న పదేళ్లు పనిచేసిన మిల్లు నుంచి ఇంటికి తెచ్చుకున్న ఒకే ఒక్క వస్తువు. చువ్వల మందం చూసే గేజు పలక. సరిగ్గా తీసిన చువ్వ తన కన్నంలోకి రాసుకుంటూ దిగుతుంది. తక్కువ మందం చువ్వ జారి కింద పడుతుంది. ఆ పడే చప్పుడు నేను మర్చిపోలేదు.

అమ్మ పోయి ఏడాది కావస్తుండగా యానాం ఫరంపేటలోని మా ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటామన్నారు. సామాన్లు తీసుకుందామని కాకినాడ నుంచి వెళ్లాను. జాడీ ఖాళీగా ఉంది, పలక మాత్రం దాని మీదే ఉంది. ఏళ్ల తరబడి నూనె, కారం పట్టి నల్లగా మెరుస్తోంది. దాన్ని కొంగుతో తుడుస్తుండగా ఫోన్ మోగింది. మావయ్య.

"ఏమే కోడలా, ఊళ్లోకొచ్చి నాకు కనపడకుండా పోదావనే? మనవాళ్లు నాకేదో సన్మానం పెట్టారంట. పుస్తకం కూడా వేస్తారంట. అందులో నా గురించి నువ్వే రాయాలి. పేపర్లో అంతమందిని గురించి రాశావు, మేనమావ గురించి రాయవా?"

మావయ్య అంటే మా అమ్మకు స్వయానా అన్న, వీర్రాజు. ఇవాళ ఆయన్ను ఊళ్లో 'ఇనుము వీర్రాజు గారు' అంటారు. తాళ్లరేవు వైపు పల్లె నుంచి చేతిలో ఏమీ లేకుండా యానాం వచ్చి, పాత ఇనుము బండితో మొదలుపెట్టి, మేకుల మిషను, ఆపైన చువ్వల మిల్లు, అటుపైన విశాఖ వైపు కొలుములు కట్టుకుంటూ పోయిన మనిషి. ఎవరు రాసినా ఆయన కథ ఈ వరసలోనే వస్తుంది. నేనూ అలాగే రాయగలను. ఉద్యోగమంతా అలాంటివి రాస్తూనే గడిపాను.

రాస్తానని ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే రాయడానికి నాకు కావలసింది ఒకటుంది. మా నాన్న అబద్ధమాడాడా, మావయ్య అబద్ధమాడాడా అన్న ప్రశ్నకు జవాబు. పదో తరగతి నుంచి నా బతుకంతా దాని కిందే గడిచింది.

మావయ్య ఈ ఊరికి రావడానికి ఒకే కారణం, గీత. నేల మీద ఎక్కడా కనపడని సరిహద్దు గీత అది. ఇటు కేంద్రపాలితమైన మన యానాం, అటు ఆంధ్రా. ఇటువైపు పన్ను తక్కువ, కరెంటు చవక. అటు అమ్మే సరుకు ఇటు తయారుచేస్తే మిగిలేదంతా లాభం. మా ఊళ్లో పెట్రోలు పోయించుకుని పోయేవాళ్లకూ, మందు సీసాలు సంచిలో దాచుకుని పోయేవాళ్లకూ తెలిసిన లెక్కే ఇది. మావయ్య దాన్ని ఇనుముకు వేశాడు. మెట్టకూరు దారిలో రేకుల షెడ్డు వేసి, పాత లాంచీ రేకులు, లంగర్లు, ముక్కలైన రైలు పట్టాలు తెచ్చి, కాల్చి, చువ్వలుగా సాగదీయించాడు. మిషన్ల పని తెలిసినవాడు ఇంట్లోనే ఉన్నాడు. మా నాన్న సత్యనారాయణ కాకినాడలో లేతు మీద పనిచేసేవాడు. "బావా, ఇంకోడి దగ్గర ఎన్నాళ్లు? మనది మనం పెట్టుకుందాం, రా" అని మావయ్య పిలిస్తే వచ్చేశాడు. 'మనది' అన్న మాటకు కాగితం మీద రుజువేమీ లేదు. చెల్లెలి మొగుడికి కాగితం రాసివ్వడం అప్పట్లో అవమానం కింద లెక్క.

సాయంత్రం నాన్న వస్తుంటే మనిషి కంటే ముందు వాసన వచ్చేది. కాలిన ఇనుము, బొగ్గు, చెమట కలిసిన వాసన. ఖాకీ చొక్కా నిండా నిప్పురవ్వలు పడి సూది బెజ్జాలు. అమ్మ ఆ చొక్కాలను మా బట్టలతో కలిపి ఉతికేది కాదు. నాన్న గుమ్మం బయటే నిలబడి చెంబుడు ఉప్పు మజ్జిగ తాగేవాడు, ఆ తర్వాతే లోపలికి అడుగు. కొలిమి దగ్గర పనిచేసేవాళ్లందరికీ ఆ అలవాటే. శరీరంలో ఉప్పంతా అక్కడే కారిపోతుందనేవాడు. అన్నం తినేటప్పుడు కూడా నాన్న చెయ్యి ఊరికే ఉండేది కాదు. కంచం అంచు బొటనవేలితో తడిమి "ఇది ఈ పక్క పల్చగా ఉంది" అనేవాడు. కిటికీ ఊచలు, బాల్చీ చేతి కడ్డీ, ఆఖరికి అమ్మ గాజులు కూడా అలాగే తడిమేవాడు. "మీ నాన్నకి మనుషులు కూడా చువ్వల్లాగే కనపడతారే" అని అమ్మ నవ్వేది. ఆ రోజుల్లో అమ్మ నవ్వేది.

మావయ్య రోజూ పొద్దున్నే మా వరండాలో కాఫీ తాగి మిల్లుకు వెళ్లేవాడు. లాంబ్రెట్టా స్కూటరు చప్పుడు వీధి మొదట్లో వినగానే అమ్మ డికాషన్ వంచేది. అన్నయ్య గ్లాసు వేరు. పంచదార రెండు చెంచాలు ఎక్కువ. చీరమేను, ఆ సన్నటి చేపపిల్లలు, దొరికే రోజుల్లో అయితే గంగాలమ్మ రేవు నుంచి కబురు రాగానే గ్లాసు కొలతతో కొని, మావయ్యకు ఇష్టమని చింతకాయ వేసి వండి క్యారేజీ పంపేది. నాన్నకు ఆ వాసన పడేది కాదు. ఆ విషయం ఆయన ఎప్పుడూ పైకి అన్నట్టు నాకు గుర్తులేదు. అన్న మాట మా అమ్మకు వేదం. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే ఆ అన్నే పెంచి పెళ్లి చేశాడు. దానికి విలువ కట్టేవాళ్లం మనమెవరం?

మేం అప్పటిదాకా పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. ఒక వేసవిలో మావయ్య ఫరంపేటలో స్థలం చూసి, పునాది వేయించి, గోడలు లేపించాడు. శ్లాబు వేసే సమయానికి నాన్నను పాత రోలర్లు కొనుక్కురమ్మని రాయపూర్ పంపాడు. నాన్న తిరిగొచ్చేసరికి శ్లాబు అయిపోయింది. పైన మట్టి గట్లు కట్టి నీళ్లు నిలబెట్టారు. నాన్న నిచ్చెన ఎక్కి చూసి దిగాడు.

"నేనొచ్చేదాకా ఆగితే బావుండేది" అన్నాడు.

"ఎందుకూ? ముహూర్తం మీకోసం ఆగుద్దా?" అంది అమ్మ. "మా అన్నయ్య మూడు రోజులు ఎండలో నిలబడ్డాడు. చువ్వలు కట్టించింది దగ్గర్నించి ఆయనే. మీరుంటే ఇంతకంటే ఏం చేస్తారంట?"

ఆ శ్లాబు కింద మేం పడుకున్నాం, చదువుకున్నాం, జ్వరాలు పడ్డాం. వేసవిలో అది రాత్రిళ్లు కూడా వేడి కక్కేది. దాన్ని చూస్తూ పడుకున్న రాత్రుల్లో దాని లోపల ఏముందో నాకు ఆలోచన రాలేదు. ఎవరికి వస్తుంది?

గృహప్రవేశం అయిన రెండో వర్షాకాలంలో అనుకుంటాను, గాలివాన వచ్చి వెళ్లాక, కనకాలపేటలో మరియమ్మ అనే ఆవిడ ఇంటి సన్‌షేడ్ విరిగి ఆవిడ పాదం మీద పడింది. కొత్త ఇల్లు. మొగుడు వేటకెళ్లి సంపాదించినదంతా పెట్టి కట్టుకున్నది. ఆవిడ ఆ తర్వాత సరిగ్గా నడవలేదు. ఇల్లు కట్టిన మేస్త్రీ విరిగిన సిమెంటులోంచి మావయ్య మిల్లు చువ్వ ముక్క ఒకటి లాగి తిన్నగా మా ఇంటికి తెచ్చాడు. అది ఆదివారం. మావయ్య వరండా గట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"సత్యనారాయణ గారూ, ఇది చువ్వాండీ, చీపురుపుల్లాండీ?" అన్నాడు మేస్త్రీ. "ఆవిడ కాలు పోయింది. నన్ను పట్టుకుని తంతానంటున్నారు జనం. నేనేం చేశానండీ?"

నాన్న లోపలికి వెళ్లి సంచిలోంచి గేజు పలక తెచ్చాడు. పని లేని రోజు కూడా అది సంచిలోనే ఉండేది. ఎనిమిదో నంబరని అమ్మిన ఆ చువ్వ ముక్కను అదే నంబరు కన్నంలో పెట్టాడు. అది ఆగలేదు. గచ్చు మీద పడి టంగుమని ఎగిరి మావయ్య చెప్పుల దగ్గరికి దొర్లింది.

మావయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. నేను గుమ్మంలో పదో తరగతి పుస్తకం పట్టుకుని ఉన్నాను. ఆయన మొహం నాకు ఇప్పటికీ కనపడుతుంది. కోపం లేదు, సిగ్గు లేదు. లెక్క వేసుకుంటున్నవాడి మొహం.

"ఏంటి బావా ఇది?" అన్నాడు. "మిల్లు నీ చేతిలో పెట్టి నేను అమ్మకాలు చూసుకుంటుంటే రోలర్లు ఎలా ఉన్నాయో చూసుకోవద్దా? నలుగురిలో నా మొహం ఏం పెట్టుకోను?"

నాన్న వంగి ఆ ముక్క తీశాడు. "మీరు చెప్పిన మందానికే బిగించాను బావగారూ" అన్నాడు.

"నేనా? నేను చెప్పానా? పుల్లలు తీయమని నేను చెప్పానా?" మావయ్య లేచి నిలబడ్డాడు. "సీతా, విన్నావా మీ ఆయన మాట?"

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతికి పిండి ఉంది. ఇద్దరినీ చూసింది. ఆవిడ ఎటు తిరుగుతుందా అని నేను చూశాను. "మీరు నోరు ముయ్యండి" అంది నాన్నతో. "మనకి నీడ ఇచ్చినాయన మీద నింద వేస్తారా? తప్పు చేస్తే చేశానని ఒప్పుకోండి. మా అన్నయ్య మిమ్మల్ని ఏం చేస్తాడు, చంపుతాడా?"

చంపలేదు. మర్నాటి నుంచి మిల్లుకు రావద్దన్నాడు, అంతే. 'బావ అజాగ్రత్త వల్ల' అన్న మాట ఊరంతా పాకింది. మావయ్యే మరియమ్మకు వైద్యం చేయించాడనీ, ఇంకొకడైతే గేటు దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదనీ జనం చెప్పుకున్నారు. మిల్లు మళ్లీ నడిచింది, మునుపటి కంటే జోరుగానే.

మా నాన్న ఏ పాపమూ ఎరగనివాడని నేను అనను. మావయ్య చెప్పినా చెప్పకపోయినా ఆ రోలర్లు బిగించిన చెయ్యి ఆయనదే. నేను అడగదలచుకున్నది అది కాదు. చెప్పారా, చెప్పలేదా అన్నదే. ఒక ఇంట్లో భార్యాభర్తలు అన్నేళ్లు ఒకే కప్పు కింద మాట్లాడుకోకుండా బతకడానికి ఆ ఒక్క ముక్క చాలింది.

నాన్న ఆ తర్వాత రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు బాగుచేసేవాడు. మజ్జిగ గుమ్మం బయట తాగే అలవాటు పోయింది, మిగతావి ఉన్నాయి. మేస్త్రీ తెచ్చిన ఆ చువ్వ ముక్కను పారేయలేదు. చివర వంచి పెరటి తలుపుకు గడియ చేశాడు. రింగులో వదులుగా ఉండేది, తలుపు కదిపితే గలగలమనేది. మావయ్య పొద్దున్నే రావడం మానలేదు. ఆయనకు ఆ గొడవ అక్కడితో అయిపోయింది. స్కూటరు చప్పుడు వినగానే అమ్మ డికాషన్ వంచేది, నాన్న పెరట్లోకి నడిచేవాడు. గడియ గలగల. వరండాలో నవ్వులు. స్కూటరు వెళ్లిపోయాక మళ్లీ గడియ గలగల. నాన్న పోయేదాకా మా ఇంట్లో పొద్దు పొడిచింది ఇలాగే. గేజు పలకను అమ్మ ఎప్పుడు తీసి జాడీ మీద పెట్టిందో నాకు తెలియదు. నాన్న చూశాడు, తీసేయమనలేదు.

ఇల్లు పడగొట్టే రోజు నేను వెళ్లనవసరం లేదు. అయినా వెళ్లాను. శ్లాబును మిషనుతో కొడుతుంటే ముందు సున్నం రాలింది, తర్వాత కంకర, ఆ తర్వాత చువ్వలు బయటికొచ్చాయి. పాత ఇనుము కొనడానికి వచ్చినతను వాటిని ఒక పక్కకు లాగిస్తూ నాతో మాట కలిపాడు.

"మీ ఇంటి ఇనుము మాంచి గట్టిదండి మేడం. వీర్రాజు గారి సరుకేనంట గదా? నమ్మలేకపోతున్నానండి. ఆయన పాత చువ్వలు ఎన్ని ఇళ్లలో లాగానో. ఒక్కటీ ఇలా లేదండి బాబూ!"

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అప్పటికి పెరటి తలుపు ఇంకా నిలబడే ఉంది. వెళ్లి గడియ ఊడదీశాను. శ్లాబు చువ్వల్లో సన్నవి ఏరి ఒకదాన్ని జానెడు ముక్క కోయించుకున్నాను. సంచిలోంచి పలక తీసి ఇటుకల కుప్ప మీద కూర్చున్నాను. గడియ ముక్క ఎనిమిదో నంబరు కన్నంలోంచి జారి మట్టిలో పడింది. మా ఇంటి ముక్క రాసుకుంటూ దిగి, సగంలో నిలబడింది.

రెండూ ఒకే మిల్లువి. ఇంచుమించు ఒకే కాలానివి. రోలర్లు అరిగి పొరపాటున తేడా వచ్చి ఉంటే మా ఇంటికీ అవే వచ్చేవి. పైగా అరిగిన రోలర్లు చువ్వను లావు చేస్తాయి గాని సన్నం చేయవు. పేపరు ఉద్యోగంలో పరిశ్రమల వార్తలు రాసేటప్పుడు ఈ సంగతి నేనే ఎక్కడో రాశాను కూడా. మా నాన్నకు అన్వయించి చూసుకోలేదు. నాన్నను రాయపూర్ పంపిన ఆ కొద్ది రోజుల్లో మిల్లులో ఏం జరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు. నాన్న మాట నిజమని తేల్చే సాక్ష్యం ఆయన మంచానికి పదడుగుల ఎత్తున, ఆయన పోయేదాకా ఉంది. అమ్మ పోయేదాకా కూడా ఉంది. చూపించడానికి ఇప్పుడు ఇద్దరూ లేరు.

తిన్నగా మావయ్య దగ్గరికి వెళ్లాను. గోదారి గట్టున మేడ. పడక్కుర్చీలో పడుకుని టీవీలో ధరలు చూస్తున్నాడు. ఎనభై దాటినా చూపు తగ్గలేదు. పలకా, రెండు ముక్కలూ ఆయన ఒళ్లో పెట్టాను.

"ఇది బావ గేజు గదే! ఇన్నాళ్లూ ఎక్కడుందే ఇదీ?" అని సంబరంగా అందుకున్నాడు. గడియ ముక్క కన్నంలో పెడితే జారి గచ్చు మీద పడింది. ఆ చప్పుడే. ఆయన దాని వంక చూడను కూడా లేదు. రెండోది పెట్టాడు. అది బిగిసి నిలబడింది. బొటనవేలితో ఒకసారి తడిమి, నవ్వాడు.

"మీ ఇంటిదేనా? చూశావే మరి! నేనే దగ్గరుండి తీయించానే. బావని ఊరికి పంపేసి, రోలర్లు వదులు చేయించి, అచ్చంగా మా సీత కోసమే తీయించాను. ఊరందరికీ తీసే సైజు నా చెల్లెలి నెత్తి మీద పెడతానా?"

ఆయన మొహంలో దాపరికం వెతికాను. లేదు. ఉన్నదంతా గర్వమే. పైగా కళ్లలో నీళ్లు.

"మరి నాన్న?" అన్నాను.

"బావా? మంచోడే పాపం." మావయ్య పలకను తిప్పి చూస్తున్నాడు. "ఎవరో ఒకళ్ల మీద పడాలి గదే. నా మీద పడితే మిల్లు మూతపడేది. దాని మీద బతికేవాళ్లంతా రోడ్డున పడేవాళ్లు. బావ మీద పడితే ఏం పోయింది? మీకు అన్నానికి లోటు చేశానా నేను? చేశానా, చెప్పు."

"అమ్మకి చెప్పాల్సింది."

"ఏవని చెప్పను? మీ ఆయన మంచోడు, మీ అన్న దొంగ అనా? ఆడపడుచుకి పుట్టింటి మీద నమ్మకం పోతే ఇంకేం మిగులుద్దే?" అని, పలక నా చేతిలో పెట్టేశాడు. "అయ్యన్నీ వదిలెయ్. ఈ చువ్వల సంగతి మాత్రం పుస్తకంలో రాయి. చెల్లెలి ఇంటికి నేను ఎలాంటి ఇనుము వేశానో నలుగురికీ తెలియాలి. నేనన్నది అన్నట్టే రాయి."

అన్నది అన్నట్టే రాయడం నాకు అలవాటైన పని. రాశాను. బండి గురించి, మేకుల మిషను గురించి, మిల్లు గురించి రాసి, చివర్లో చెల్లెలి ఇంటి చువ్వల గురించి ఆయన నాతో అన్న మాటలు ఒక్క అక్షరం మార్చకుండా పెట్టాను. 'ఊరందరికీ తీసే సైజు' అన్న వాక్యం కొట్టేస్తారని అనుకున్నాను. ఆయన కొడుకు చదివాడు, సంచిక కమిటీవాళ్లు చదివారు, ప్రూఫులు దిద్దినవాళ్లు చదివారు. ఎవరూ కొట్టేయలేదు. "బాగా రాశావు వదినా, కళ్లనీళ్లు తిరిగాయి" అని కొడుకు ఫోన్ చేశాడు.

సన్మానం యానాంలోనే జరిగింది. ఆ రోజుకు మెట్టకూరు దారిలో మిల్లు షెడ్డులో రొయ్యల మేత బస్తాలు ఉన్నాయి. పన్నులన్నీ అంతటా ఒకటైపోయి గీతకు విలువ పోగానే మావయ్య అందరికంటే ముందే ఇక్కడ మూసేసి వెళ్లాడు. దాన్నీ ముందుచూపు అని వేదిక మీద మెచ్చుకున్నారు. తర్వాత వ్యాఖ్యాత నా వ్యాసంలోంచి ఆ చివరి భాగం చదివింది. మంచి గొంతు. 'నా చెల్లెలి నెత్తి మీద పెడతానా' అన్న చోట కాస్త ఆగి, గొంతు తగ్గించి చదివింది. హాలంతా చప్పట్లు. మావయ్య లేచి రెండు చేతులూ జోడించాడు. వెనక వరసల్లోవాళ్లు కూడా లేచి నిలబడి కొట్టారు.

నా పక్క కుర్చీలో నా వయసు మనిషే, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

"తోబుట్టువంటే ఎంత ప్రేమండీ ఆయనకి" అన్నాడు నాతో. "ఈ రోజుల్లో ఎవరున్నారండీ అలాగ?"

"మీదే ఊరండీ?" అన్నాను.

"కనకాలపేటండి. ఆయ్, మా శ్లాబు కూడా వీర్రాజు గారి ఇనుమేనండి" అని, మళ్లీ చప్పట్లు కొట్టడానికి చేతులెత్తాడు.